కుడి వైపు పతకాలు

తన చావు కబురు తన చెవులతోనే వినే యోగం ఎందరికి ఉంటుందో తెలియదు గానీ, గద్వాలలో రాట్నం గేరి అనే నేతగాళ్ల వీధిలో ఉండే నేవీ కురుమయ్యకు పట్టింది. అదీ రిపబ్లిక్ డే నాడు, పొద్దున్నే, ఒక చెంప గీసుకొని రెండో చెంపకు సబ్బు నురగ పూసుకొని అద్దం ముందు నిలబడి ఉండగా.

ఫోన్ మోగింది. వనపర్తి కాంతమ్మ. నురగ అంటకుండా ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడో లేదో, అవతల నుంచి ఏడుపు.

"వదినా, ఎంత పనాయె వదినా. అన్న ఎప్పుడు పోయిండు? నాకు ఒక్క మాటన్న చెప్పకపోతిరి గద."

"చెల్లె, వదిన కాదు. నేను, కురుమయ్యను."

ఏడుపు ఆగిపోయింది.

"అన్నా, నువ్వేనా? బతికే ఉన్నవా?"

"ఇప్పటిదాకైతే ఉన్న" అని నవ్వాడు కురుమయ్య. "గడ్డం గీస్కుంటున్న. నేను పోయిన్నని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. మీ శ్రవణ్ ఫోన్ల ఫోటో పెట్టిండు, స్టేటస్‌ల. నీ మెడల్స్ పెట్టుకున్నడు. కుడి దిక్కు పెట్టుకున్నడన్నా."

కురుమయ్య నవ్వు సగంలోనే ఆగింది.

ఆ మాటకు అర్థం ఫోన్‌కు ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరికే తెలుసు. పతకం సంపాదించుకున్న సిపాయి దాన్ని ఎడమ రొమ్ము మీద, గుండె వైపు పెట్టుకుంటాడు. వాడు పోయాక ఆ పతకాలను భార్యో కొడుకో పెట్టుకోవాల్సి వస్తే కుడి వైపు పెట్టుకుంటారు. కుడి వైపు పతకం కనపడిందంటే దాని అసలు మనిషి లోకంలో లేడని గుర్తు. కాంతమ్మ భర్త యోసేపు, కురుమయ్య ఒకే ఓడ మీద పనిచేశారు. రేవులో ఓడను ఒడ్డుకు కట్టే తాడు తెగి కొట్టడంతో యోసేపు చిన్న వయసులోనే పోయాడు. అప్పటి నుంచి ఏటా నేవీ డే నాడు గద్వాలలో మాజీ సైనికుల మీటింగుకు కాంతమ్మ బస్సెక్కి వస్తుంది. భర్త పతకాలు చీర మీద కుడి వైపు పెట్టుకొని మొదటి వరసలో కూర్చుంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు శ్రవణే కారులో బస్టాండుకు దింపుతాడు, అందుకే అతని నంబర్ ఆమె ఫోన్లో ఉంది.

"తెల్వక పెట్టుకున్నడేమో చెల్లె" అన్నాడు కురుమయ్య. "కింద ఏమన్న రాసిండా?"

"రాసిండు. ఆగు, అద్దాలు పెట్టుకుంట." కూడబలుక్కుంటూ చదివింది. "'మా పెద్దనాయన ఆశయాలను ముందుకు తీసుకెళ్తాను. మీ వార్డు అభ్యర్థిగా నన్ను ఆశీర్వదించండి. మీ శ్రవణ్ కుమార్.' గిది సూసే గద నేను ఆగమైంది. మనిషి ఉండంగ ఆశయాలని ఎవరన్న రాస్తరా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మన దగ్గర బతికున్నవాళ్లకు పనులుంటాయి, అప్పులుంటాయి, కోపాలుంటాయి. ఆశయాలు పోయాకే వస్తాయి.

"నిన్నటిసంది ఉన్నది గా ఫోటో. నువ్వు సూడలేదా అన్నా?"

చూడలేదు. ఫోన్ పెట్టేశాక వెతికితే, శ్రవణ్ పేరు దగ్గర ఏమీ లేదు. నెల రోజులుగా ఏమీ లేదు. పిల్లాడు పనుల్లో పడి పెట్టడం మానేశాడనుకున్నాడు ఇన్నాళ్లూ. ఒక్కరికి మాత్రం కనపడకుండా దాచుకునే వీలు ఆ ఫోన్లలో ఉంటుందని ఎవరో చెప్పగా విన్నాడు గానీ, ఆ ఒక్కడూ తానే అవుతాడని ఎలా అనుకుంటాడు?

లోపలి గదిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి జమ్ములమ్మ నేస్తూ ఉంది. పెళ్లైన నాటి నుంచి కురుమయ్య ఆ చప్పుడుకే నిద్ర లేచేవాడు, ఓడ మీద లేనప్పుడు.

"ఎవరు ఫోన్?" అంది తల తిప్పకుండా.

"కాంతమ్మ. ఎవరో పోయిన్రంట."

"అయ్యో. ఎవరంట?"

"మల్ల చెప్త. నాకే ఇంక సరిగ్గ తెల్వలే." చెంప మీది నురగ తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "నా మెడల్స్ వచ్చినయా?"

మగ్గం చప్పుడు ఆగింది. "ఏడ వచ్చినయ్? రిబ్బన్లు మాసినయ్, సికింద్రాబాద్‌ల మార్పిస్త అని శ్రవణ్ తీస్కపోయిండు గద. నీ ముందటనే అన్నడు."

"అన్నడు. వచ్చినయేమో అని."

"రాలే" అని పోగు మోసే నాడెను పడుగులోకి విసిరింది. నేస్తున్న చీర అంచు ఎరుపు, ఒళ్లు తెలుపు. ఆమె కళ్లు ఆ ఎరుపు మీద నుంచి కదల్లేదు.

ముందు గదిలో అద్దాల బీరువా ఉంది. గేరిలో దాన్ని చూడనివాళ్లు లేరు. కౌన్సిలర్‌గా ఉన్న రోజుల్లో సర్టిఫికెట్ కోసం వచ్చినవాడైనా, మోరీ పొంగిందని తిట్టడానికి వచ్చినవాడైనా ముందు ఆ బీరువా దగ్గర కాసేపు నిలబడేవాడు, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. అందువల్ల సగం తిట్లు తగ్గేవని కురుమయ్యకు తెలుసు, బీరువాను అందుకే గుమ్మానికి ఎదురుగా పెట్టించాడు. పనిచేసిన ఓడల ముద్రలున్న చెక్క పలకలు, ఇత్తడి లంగరు, మారిషస్ నుంచి తెచ్చిన శంఖం, రకరకాల తాడు ముడులు బిగించిన పటం, తెల్ల టోపీ. నడుమ ఎర్ర మఖమల్ గుడ్డ మీద అయిదు పతకాలు. ఇప్పుడు పతకాలు లేవు. గుడ్డంతా ఎండకు వెలిసి, అవి ఉన్నచోట మాత్రం పాత ఎరుపు అయిదు బిళ్లలుగా మిగిలింది.

ఆ పతకాలతో తాను వీరుణ్ణని కురుమయ్య ఏనాడూ చెప్పుకోలేదు. సెలవు మీద వచ్చినప్పుడు గేరి పిల్లలు చుట్టూ చేరి "ఎంతమందిని సంపినవ్?" అని అడిగితే "బొద్దింకలు లెక్కకొస్తయా?" అనేవాడు. ఒకటి ఇన్నేళ్లు పనిచేసినందుకు, ఒకటి దేశం దాటి పోయినందుకు, ఒకటి యుద్ధం నడిచినప్పుడు ఓడ మీద ఉన్నందుకు. వాటిలో ఒక్కటంటే మాత్రం ఆయనకు ప్రాణం. అది సర్వీసంతా ఒక్క మచ్చ కూడా లేకుండా నడుచుకున్నందుకు ఇచ్చేది. చెప్పిన మాట మీద నిలబడినందుకు ఇచ్చారని ఆయన దానికి తన సొంత అర్థం చెప్పుకునేవాడు.

రిటైరై వచ్చాక వార్డు కౌన్సిలర్ అయ్యాడు. వార్డును ఓడలాగే నడిపాడు. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకొని మోరీలు, వీధి దీపాలు, చెత్త బండి, అన్నీ ఒక చుట్టు చూసి వచ్చేవాడు. గేరిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఏ వేళకు వస్తుందో వదిలేవాడికి కూడా ముందు తెలియదు. వాల్వు తిప్పగానే కురుమయ్య తన వెండి ఈల తీసి ఊదేవాడు. నేవీలో దాన్ని బోసన్ పైపు అంటారు. నిద్ర లేపడానికో పిలుపు, ఆఫీసర్ ఓడ ఎక్కితే మర్యాదకో పిలుపు, అన్నానికో పిలుపు, ఒక్కోదానికీ ఒక్కో రాగం. అన్నం పిలుపును ఆయన గేరిలో నీళ్లకు వాడాడు. అది వినపడితే చాలు, ఆడవాళ్లు బిందెలతో ఉరికేవారు. కౌన్సిల్ గడువు ముగిసి ఏడాది దాటినా ఆ ఈల ఆగలేదు. పదవి పోతే జనానికి దాహం పోతుందా అనేవాడు.

ఒక్క పని మిగిలిపోయింది. గేరి ఎగువన, మిట్ట మీద ఒక వరస ఇళ్లకు నీళ్లు ఎక్కవు. ఆ వరసలో నర్సమ్మ అని ఒక ముసలావిడ, చెయ్యి వణుకుతున్నా ఇంకా నేస్తుంది. కింది నుంచి బిందె మోసుకుంటూ వచ్చి మధ్యలో ఎవరి అరుగు మీదో కూలబడేది. "నీ గడప ముందట నల్లా పెట్టిచ్చి, గాడ్నే నిలబడి పైపు ఊదుతనవ్వా. గప్పటిదాక ఈ పని ఇడ్వ" అని ఆమెకు మాటిచ్చాడు. కొత్త లైను మంజూరైంది, సగం తవ్వారు కూడా, అంతలో గడువు ముగిసింది. అందుకే ఇంకొక్కసారి కావాలనుకున్నాడు. ఒక్కసారే. మళ్లీ ఎన్నికలు వస్తున్నాయనగానే పార్టీ వాళ్లను కలిస్తే "నీది గాకపోతే ఇంకెవరిది కురుమయ్య సార్" అన్నారు. ఆ మాట పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు. వెంట శ్రవణ్ ఉన్నాడు. ఎవరైనా అడిగితే "మా తమ్ముని కొడుకు, నా కుడి చెయ్యి" అని చెప్పుకునేవాడు.

పిల్లలు లేని ఇంట్లో శ్రవణ్ పెరిగాడు. కురుమయ్య ఓడల మీద ఉన్న ఏళ్లన్నీ జమ్ములమ్మకు తోడు ఆ పిల్లాడే. మగ్గం గుంట పక్కన చాప మీద పడుకోబెట్టి, ఒక కాలు పిల్లాడి మీద ఆనించి నేసేదట. సెలవుకు వచ్చిన పెద్దనాయనను చూసి వాడు ఎవరో కొత్త మనిషి అన్నట్టు ఆమె కొంగు వెనక్కి పోయేవాడు. పెద్దయ్యాక కురుమయ్యే చెయ్యి పట్టుకొని తిప్పాడు. ఏ ఆఫీసులో ఎవరు పని చేస్తారు, ఎవరు చేసినట్టు చేస్తారు, మీటింగులో ఎక్కడ కూర్చుంటే కనపడతాం, ముసలివాళ్లతో ఎంతసేపు మాట్లాడాలి, అన్నీ నేర్పాడు. నేర్చుకున్నాడు. తప్పు పట్టడానికేమీ లేకుండా నేర్చుకున్నాడు.

ఇవన్నీ తలచుకుంటూ తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఏటా ఈ రోజున చొక్కా తొడుక్కున్నాక ఒక పని ఉండేది. పతకాల పట్టీ వెనక సూది విరిగి ఏళ్లైంది. జమ్ములమ్మ పట్టుదారంతో ఆ పట్టీని చొక్కా ఎడమ వైపు కుట్టి, నేతలో తెగిన పోగును అతికే ముడి వేసేది. ఆ ముడి గోటికి కూడా తగలదు, విప్పాలంటే కత్తెర కావాలి. దారం చివర పంటితో కొరికేటప్పుడు ఆమె నుదురు ఆయన ఛాతీకి ఆనేది. ముసలితనంలో కూడా ఆ ఒక్క క్షణం కోసం రిపబ్లిక్ డే ఎప్పుడొస్తుందా అని చూసేవాడు కురుమయ్య. ఈ ఏడు ఖాళీ చొక్కాతో, మెడలో పైపు వేసుకొని గడప దాటాడు. మగ్గం ఆగలేదు.

చేనేత సంఘం భవనం ముందు షామియానా వేశారు. జెండా కట్టి ఉంది, కుర్చీలు నిండాయి. కురుమయ్య రాగానే నలుగురు లేచి దారిచ్చారు, ఆ మర్యాదలో ఏదో ఎక్కువైంది. పెళ్లికి ముందు పిల్లతో మాట్లాడినట్టు అందరూ ఆయనతో మెత్తగా మాట్లాడుతున్నారు. స్తంభం పక్కన శ్రవణ్ నిలబడి ఉన్నాడు. తెల్ల జుబ్బా, దాని మీద నల్ల కోటు. కోటు కుడి రొమ్ము మీద అయిదు పతకాలు వరసగా మెరుస్తున్నాయి. రిబ్బన్లు పాతవే.

"రా పెద్దనాయన" అని వంగి కాళ్లకు మొక్కాడు. పతకాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడు తన ఒంటి మీద నుంచి తప్ప ఇంకో ఒంటి మీద నుంచి కురుమయ్య ఎప్పుడూ వినలేదు.

ఇంటి నుంచి ఇక్కడిదాకా నడిచేలోపు ఆయన మనసుకు సర్ది చెప్పుకున్నాడు. చిన్నవాడు, మోజు పడ్డాడు, టికెట్ సంగతి కూడా ఏదో పొరపాటై ఉంటుంది, పక్కకు తీసుకెళ్లి పతకాలు విప్పించి తన జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియకుండా పోతుంది అనుకున్నాడు. అలా విప్పడానికే చెయ్యి చాపాడు. పట్టీ అంచు పట్టుకొని కాస్త ఎత్తి చూశాడు.

వెనక సూది లేదు. ఎర్ర పట్టుదారం. చివర గోటికి తగలని చిన్న ముడి. పంటితో కొరికిన దారం కొస.

కురుమయ్య చెయ్యి అక్కడే ఉండిపోయింది. తుఫానులో ఓడ ఒరిగినప్పుడు కూడా కాళ్లు తడబడని మనిషి, ఎండలో, గట్టి నేల మీద, పిల్లాడి కోటు పట్టుకొని నిలబడాల్సి వచ్చింది. ఈ ముడి వేసినప్పుడు ఆమె నుదురు ఎక్కడ ఆని ఉంటుందో ఆయనకు కళ్లకు కట్టింది. పొద్దున 'రాలే' అన్నది. ఎరుపు మీద నుంచి కళ్లెత్తకుండా అన్నది.

"టికెట్ ఎప్పుడు ఖాయమైంది?" అన్నాడు.

శ్రవణ్ అటూ ఇటూ చూశాడు. "నెల అయితుంది పెద్దనాయన. నేను అడగలే, వాళ్లే పిలిచి ఇస్తమన్నరు. పెద్దనాయనకు వయసైంది, నువ్వు నిలబడు అన్నరు. నీకు చెప్దామనే అనుకున్న. పెద్దమ్మనే వద్దన్నది."

"ఏమన్నది?"

"జర ఆగు, ఇప్పుడే చెప్తే మనసు కష్టపెట్టుకుంటడు, పదిమందిల సన్మానం చేసి గౌరవంగ చెప్దామన్నది. సముద్రాలు తిరిగి సగం జన్మ పోయింది, మోరీలు తిరిగి ఇంకింత పోయింది, ఇంకనన్న ఇంటి పట్టున ఉంటడన్నది. నేను కూడ ఎన్నేండ్లు నీ ఎన్క తిరగాలె పెద్దనాయన?"

వాడు నిజం చెప్పింది చివరి ఆ ఒక్క వాక్యంలోనే. మిగతాదంతా మీటింగులో మాట్లాడినట్టే ఉంది.

"గివి కుడి దిక్కు ఎందుకు పెట్టుకున్నవ్?"

"పద్ధతి గదే గద" అన్నాడు శ్రవణ్, తప్పు చేయలేదన్న ధైర్యంతో. "నేను ఎడమ దిక్కే కుట్టుమన్న. పెద్దమ్మనే కాదన్నది. నీకు పద్ధతి అంటే పట్టింపు, ఇంటోళ్లు కుడి దిక్కే పెట్టుకోవాలె అని నువ్వే చెప్పినవంట."

చెప్పాడు. ఒక ఏడు మీటింగు తర్వాత కాంతమ్మ ఇంటికి భోజనానికి వస్తే, ఆమె వెళ్లిపోయాక జమ్ములమ్మ అడిగింది, "ఆమె కుడి దిక్కు పెట్టుకున్నదేంది, నీకు నేను ఎడమ దిక్కు కుడుతుంటి" అని. నుదుట కుంకుమ, మెడలో పుస్తెలు, చేతిలో వడ్డించే గరిటె. అట్లా ఎదురుగా నిలబడిన పెళ్లాంతో మొగుడు చస్తేనే కుడి అని ఎలా అంటాడు? ఆ మాట ఇంట్లో నోటి వెంట రావడమే అశుభం. మింగేసి, "ఇంటోళ్లు గట్లనే పెట్టుకుంటరు" అన్నాడు. సగం చెప్పాడు. ఆ సగాన్నే ఆమె భద్రంగా దాచుకొని, ఆయన పద్ధతి తప్పకూడదని, బతికున్న మొగుడి పతకాలు ఇంకొకరి కుడి రొమ్ము మీద తన చేత్తో కుట్టి పంపింది.

"విప్పుమంటవా పెద్దనాయన?" అన్నాడు శ్రవణ్, ముఖం చూసి భయపడి.

"వద్దు. ఉంచుకో. కుడి దిక్కునే ఉంచుకో."

జెండా ఎగిరింది. జనగణమన పాడారు. ఆ తర్వాత పార్టీ పట్టణ అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. కురుమయ్య గారు సముద్రమంత మనిషన్నాడు, దీపస్తంభమన్నాడు, వారి వారసత్వాన్ని యువకుడైన శ్రవణ్ చేతుల్లో పెడుతున్నామన్నాడు. ఎవరు ఎవరి చేతుల్లో ఏం పెడుతున్నారో పెట్టాల్సినవాణ్ణి ఒక్క మాట అడగలేదు. శాలువా కప్పారు. అద్దంలో ఓడ బొమ్మ బిగించిన జ్ఞాపిక చేతికిచ్చారు. ఆ ఓడకు లంగరు తలకిందులుగా అతికించి ఉంది. కింద బంగారు అక్షరాలతో 'వారి సేవల జ్ఞాపకార్థం' అని రాసి ఉంది. శాలువా ఒకసారి కప్పారంటే లేచి వెళ్లమని అర్థమని కురుమయ్యకు తెలుసు. తాను కౌన్సిలర్‌గా ఉండగా ఎంతమంది ముసలి నాయకులకు ఇలాగే కప్పి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపారో దగ్గరుండి చూశాడు. అప్పుడు వాళ్ల ముఖాల వైపు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

మూడో వరసలోంచి నర్సమ్మ లేచి నిలబడింది. "గా నల్లా సంగతి ఏమాయె కౌన్సిలర్ సారూ?"

కురుమయ్య నోరు తెరిచేలోపు శ్రవణ్ మైకు అందుకున్నాడు. "నేను సూస్కుంటనవ్వా. నువ్వు పరేషాన్ గాకు." చప్పట్లు పడ్డాయి. ముసలావిడ మాత్రం శ్రవణ్‌ను కాదు, కురుమయ్యనే చూస్తూ కూర్చుంది. అన్నిటికంటే ఆ చూపే ఆయనకు ఎక్కువ నొప్పి పెట్టింది. మచ్చ లేనందుకు ఇచ్చిన పతకం ఎదురుగా శ్రవణ్ ఒంటి మీద ఊగుతోంది, మాట తప్పినవాడు మాత్రం తానే అయ్యాడు.

"సార్, పైపు" అని ఎవరో అరిచారు. ఏటా జెండా పండుగనాడు చివర్లో ఆయన పైపు ఊదాలి, గేరికి అదొక ముచ్చట. కురుమయ్య శాలువా సర్దుకొని లేచాడు. మెడలోంచి పైపు తీసి పెదవులకు పెట్టుకున్నాడు. ప్రతి ఏడూ ఊదేది ఆఫీసర్‌కు మర్యాద చేసే పిలుపు. ఈసారి అది కాదు. సన్నగా మొదలై, నిటారుగా పైకి లేచి, చాలాసేపు అక్కడే నిలబడి, మెల్లగా కిందికి దిగి ఆరిపోయే పిలుపు. ఓడ మీద చనిపోయిన మనిషిని కిందికి దింపేటప్పుడు ఊదుతారు దాన్ని. జన్మలో ఒక్కసారే ఊదాడు, యోసేపు శవపేటికను జెట్టీ మీదికి దింపినప్పుడు. ఇప్పుడు ఊదుతుంటే ఎదురుగా కుడి రొమ్ము మీద పతకాలు మెరుస్తూనే ఉన్నాయి, అంతా పద్ధతి ప్రకారమే జరిగిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. పట్టణ అధ్యక్షుడు కూడా లేచి నిలబడి కొట్టాడు.

మెట్లు దిగుతుంటే నర్సమ్మ ఆపింది. "గిదేం పిలుపు నాయనా? నీళ్లది గాదు. ఎన్నడు ఇనలే."

"ఓడ దిగేటోనికి ఊదేదవ్వా" అన్నాడు.

జ్ఞాపిక కుర్చీ మీదే వదిలేసి ఇంటి దారి పట్టాడు. దారిలో కోపం మెల్లమెల్లగా తన చోటు వెతుక్కుంది. పార్టీ వాళ్ల మీద నిలవలేదు, వాళ్లు ఎప్పుడూ అంతే. శ్రవణ్ మీద కాసేపు నిలిచింది, కానీ వాడి కళ్లల్లోని తొందర తాను పెంచినదే. చివరికి పోయి పోయి ఆ ముడి మీద ఆగింది. టికెట్ పోతే పోయింది. వయసైపోయింది, ఇక మానుకో అని ఆమె ఒక్కసారి ముఖాన అని ఉంటే, అరిచేవాడు, రెండు రోజులు అన్నం మానేసేవాడు, ఆ తర్వాత వినేవాడేమో కూడా. చెప్పలేదు. నెల రోజులు కంచంలో అన్నం పెడుతూ, పక్కనే పడుకుంటూ, చెప్పలేదు. చాటుగా వాడికి పతకాలు కుట్టి, పొద్దున కంటికి కన్ను కలపకుండా ఆయనను ఖాళీ చొక్కాతో సాగనంపింది. ఇంటికి పోయి ఆ కుడి వైపుకు అర్థం ఏమిటో ఆమె చెవిలో చెబితే చాలు. బతికినన్నాళ్లూ ఆమె చేతులు ఆమెకే పాములై కనపడతాయి. చెప్పాలి. చెప్పి తీరాలి అనుకుంటూనే గేరి మలుపు తిరిగాడు.

జమ్ములమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మగ్గం మూగబోయింది. ఏమడిగితే ఏం చెప్పాలో అన్నీ కూర్చుకొని పెట్టుకున్న ముఖం. ఆయన భుజం మీది శాలువా చూసి, చూపు దించుకుంది.

కురుమయ్య గడప దాటలేదు. వాకిట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర ఆగి, శాలువా తీసి నేల మీద పడేశాడు. దాని మీద చొక్కా విప్పి పడేశాడు.

"చెంబు తే. తానం చేసి లోపలికొస్త."

చావు ఇంటి నుంచి వచ్చినవాడు తప్ప అట్లా బయట నిలబడి నీళ్లడగడు. తిట్లకు సిద్ధపడి ఉన్న జమ్ములమ్మ ముఖంలో ముందు అయోమయం, తర్వాత, దాచుకుందామన్నా దాగని తెరిపి కనపడ్డాయి. గబగబా చెంబు తెచ్చింది.

"ఎవరు పోయిన్రు? పొద్దుగాల కాంతమ్మ చెప్పిందంటివే, గాయనేనా?"

"ఆ. గాయనే."

చల్లటి నీళ్లు తల మీద పడ్డాయి. జనవరి చలికి ఒళ్లు జల్లుమంది.

"నీకు ఎరుకైనోడేనా?"

"నేవీల చేసిండు. నేను చేరిన నాడే చేరిండు."

"అయ్యో పాపం. ముసలోడా?"

"నా ఈడోడే."

ఇంకో చెంబు. ఆమె చెయ్యి ఆయన వీపు మీద నీళ్లను కిందికి తోసింది, ఎప్పుడూ తోసినట్టే, మెత్తగా. ఆ చెయ్యి తగిలిన చోటల్లా కురుమయ్యకు మంట పుట్టింది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది.

"ఎట్ల పోయిండంట?"

"ఇంటోళ్ల చేతుల్ల పోయిండు."

"గదొక్కటన్న నయం" అంది జమ్ములమ్మ. "ఏడ్నో దిక్కులేక పోకుంట, అయినోళ్ల చేతుల్ల పోయిండు."

కురుమయ్య తల వంచుకొని నిలబడ్డాడు. నీళ్లు కళ్లలోంచి, గడ్డం మీదుగా కారుతున్నాయి. పొద్దున గీయకుండా వదిలేసిన చెంప గరుకుగా ఉంది. తల పైకెత్తి ఆమెను చూశాడు. తడి చేతులు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, వేళ్ల చివర ఇంకా అంటుకొని ఉన్న ఎర్ర పట్టు నూగు.

"పెండ్లాం ఉన్నదా ఆయనకు?" అంది.

"ఉన్నది."

"ఎట్ల తట్టుకుంటదో ఏమో, పాపం."

"ఆమెకింక తెల్వదు" అన్నాడు కురుమయ్య.

జమ్ములమ్మ అయ్యో అనుకుంటూ, చెంబు నిండా నీళ్లు ముంచి ఆయన తల మీద పోసింది.